కలకత్తా కూరతోటలు: చలికాలపు నారు చరిత్ర

వంగదేశమున శీతకాలము కొలదిదినములు నిలుచు చుట్టము వంటిది. కార్తిక మాసాంతమున మెల్లగా అడుగిడి, మాఘము గడచునంతలో సెలవు తీసికొనును. అయినను ఆ మూడు మాసములలో కలకత్తా కూరగాయల అంగళ్లు ధరించు శోభ మరియే ఋతువునందును కానరాదు. లేక్ మార్కెట్టు మొదలు గరియాహాటు వరకు, 1874లో ప్రారంభమైన న్యూమార్కెట్టు మొదలు వీధిమలుపున గోనెపట్టా పరచుకొని కూర్చుండు ముదుసలి దుకాణము వరకు, ఎచట చూచినను తెల్లని గోబిపువ్వులు, పచ్చని క్యాబేజీలు, నూల్‌కోలు, బీటురూటు, క్యారెట్టు, బటాణీ కాయలు రాసులు పోసియుండును. నగరమున ఉద్యోగము చేయు తెలుగు కుటుంబములకు కూడ ఈ ఋతువు ప్రీతిపాత్రమైనదే. క్యాబేజీ పెసరపప్పు కూరయు, గోబిపువ్వు ఆవకాయయు మన వంటయిండ్లలో స్థానము సంపాదించి చాలకాలమైనది.

ఈ కూరలలో పెక్కు ఇన్నూరేండ్ల క్రిందట సామాన్య గృహస్థునకు తెలియనివే. ఇవి చలిదేశపు మొక్కలు. మంచును సహించునే గాని మండుటెండను, ముసురు వానను సహింపలేవు. కలకత్తాలోనో, చలికాలము వచ్చునాటికి మొక్క సిద్ధముగా ఉండవలెనన్న, విత్తనము భాద్రపదపు జడివానలలోనే చల్లవలెను. శీతలప్రదేశపు బీజము ఇంత ప్రతికూలమైన కాలమున మొలకెత్తి, ఇంత పొట్టి చలికాలములో ఫలించుటకు ఎట్టి ఉపాయము కనుగొనబడినది? ఆ ఉపాయమును కనుగొన్నవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో ఒక చిన్న మట్టిపాత్ర యొద్దకు చేరుదుము. ఆ మార్గమున మన సామర్లకోటయు తగులును.

(2001 నుండి అధికారికముగా కోల్‌కతా యని పిలువబడుచున్న ఈ నగరమును తెలుగువారు తరతరములుగా కలకత్తా యనియే వ్యవహరించుచు వచ్చినందున ఇచ్చట ఆ పేరే వాడబడినది.)

నీడపట్టున నారు

మొక్కను తొలిదినములలో ఇంటి కప్పు క్రింద పెంచి, పిదప ఆరుబయట నాటుట ప్రాచీనమైన ఆచారము. రోము చక్రవర్తి టైబీరియస్ దోసకాయలను అమితముగా ప్రేమించెడివాడనియు, ఆయన తోటవారు చక్రములపై నిలిపిన మళ్లలో పాదులు పెంచి, ఎండ వచ్చినప్పుడు బయటకు నెట్టి, చలిదినములలో పారదర్శకమైన రాతిరేకులతో కప్పెడివారనియు ప్లినీ వ్రాసియున్నాడు. తరువాతి కాలమున పారిస్, లండన్ నగరముల పరిసరములందలి కూరతోటవారు గాజు గంటలను మొక్కలపై బోర్లించియు, గుఱ్ఱపులద్దె మగ్గునప్పుడు పుట్టు వేడిమితో మళ్లను వెచ్చచేసియు నారు పెంచెడివారు. అక్కడి ఉద్దేశ్యము చలి నుండి మొక్కను కాపాడుట.

వంగదేశమున వ్యవహారము తలక్రిందులైనది. ఇచ్చట మొక్కకు శత్రువు చలి కాదు, వానయు, వేడిమియు. జూన్ రెండవ వారమున కలకత్తాను చేరు నైరుతి ఋతుపవనము అక్టోబరు రెండవ వారము వరకు విడువదు. సంవత్సరమునకు సుమారు 1,600 మొదలు 1,800 మిల్లీమీటర్ల వర్షము కురియగా, అందులో అధికభాగము ఈ నాలుగు మాసములదే. శీతకాలమున రాత్రి ఉష్ణోగ్రత 13, 14 డిగ్రీల వరకు దిగు దినములు డిసెంబరు, జనవరి మాసములలో మాత్రమే ఉండును. వానలు పూర్తిగా వెనుదీసిన పిదప విత్తనము చల్లినచో, మొక్క ఎదిగి పువ్వు కట్టునంతలో ఫాల్గుణపు వేడిగాలి వచ్చి పువ్వును చెడగొట్టును. కనుక నాలుగైదు వారముల నారు వానాకాలమునందే సిద్ధము కావలెను. ఐరోపాలో మంచునకు వెఱచి ఇల్లు చొచ్చిన విత్తనము కలకత్తాలో వానకు వెఱచి ఇల్లు చొచ్చినది.

మన రైతులకు నారుమడి కొత్త కాదు. వరి నారు, మిరప నారు, వంగ నారు పోయుట తెలుగునాట అనాదిగా ఉన్నదే. “నారు పోసినవాడు నీరు పోయడా” యన్న సామెత ఆ అనుభవము నుండి పుట్టినదే. కాని ఆ నారులన్నియు ఈ నేలకు, ఈ నీటికి అలవాటుపడినవి. పరదేశపు సున్నితపు విత్తనమునకు మాత్రము కొత్త జాగ్రత్తలు నేర్వవలసి వచ్చెను.

కరవు నుండి పుట్టిన తోట

కలకత్తాలో ఉద్యానశాస్త్రమునకు బీజము వేసినది వినోదము కాదు, ఆకలి. 1770 నాటి మహాక్షామము వంగదేశమును పాడుపెట్టెను. ఆ జ్ఞాపకము మాయకముందే, 1786లో కర్నల్ రాబర్ట్ కిడ్ అను సైనికోద్యోగి, క్షామకాలమున ప్రజలను ఆదుకొనగల వృక్షములను తెప్పించి పెంచుటకు ఒక తోట అవసరమని ఈస్టిండియా కంపెనీ వారికి విన్నవించెను. ఫలితముగా 1787లో హుగ్లీనదికి పడమటి గట్టున, శిబపూరులో వృక్షశాస్త్రోద్యానము వెలసినది. నేడు ఆచార్య జగదీశ చంద్ర బోసు పేరిట ప్రసిద్ధమై, మహావటవృక్షముచే యాత్రికులను ఆకర్షించుచున్న తోట అదియే.

1793లో కిడ్ మరణించెను. ఆయన స్థానమునకు పిలువబడిన డాక్టర్ విలియం రాక్స్‌బరో తెలుగు సీమ నుండి వచ్చినవాడు. స్కాట్లండులో 1751లో జన్మించి, 1776లో మద్రాసునకు కంపెనీ వైద్యుడుగా వచ్చి, 1781 నుండి గోదావరి మండలమున సామర్లకోటలో పండ్రెండేండ్లు నివసించి, అచట తోట వేసి మిరియము, చెఱకు, నీలి, కాఫీ మున్నగువానిని పరీక్షించి చూచెను. 1787లో కోరంగి తీరమును ముంచిన ఉప్పెనలో ఆయన గ్రంథములు, సేకరణలు నశించినవి. ఆయన మరల మొదటి నుండి సేకరింప నారంభించెను. 1790 ప్రాంతమున ఉత్తర సర్కారులను పీడించిన కరవును కన్నులార చూచి, కొబ్బరి వంటి చెట్లను విరివిగా నాటినచో పేదల ప్రాణములు నిలుచునని ప్రభుత్వమునకు వ్రాసెను.

సామర్లకోటలో ఆయన దేశీయ చిత్రకారులను నియమించి మొక్కల చిత్రములు వ్రాయించెను. వారి పేర్లు మనకు దక్కలేదు. ఆ చిత్రములలో 300 ఎన్నుకొనబడి, 1795 నుండి మూడు సంపుటములుగా కోరమండల తీరపు వృక్షములను గూర్చిన ఘనగ్రంథముగా లండనులో వెలువడినవి. మొక్కలకు తెలుగువారు వాడు పేర్లను రాక్స్‌బరో శ్రద్ధతో వ్రాసికొనెను. మన సోమిద చెట్టు పేరు నేటికిని వృక్షశాస్త్రమున సోయిమిడా యను ప్రజాతి నామముగా నిలిచియున్నది. తెలుగునాట నేర్చిన ఈ విద్యతోనే ఆయన శిబపూరు తోటను ఇరువది యేండ్లు నడిపి, 1813లో స్వదేశమునకు మరలి, 1815లో కాలధర్మము చెందెను.

తెలుగు వ్యాకరణము వ్రాసిన తోటమాలి

రాక్స్‌బరో కలకత్తా చేరిన 1793వ సంవత్సరముననే ఇంగ్లండు నుండి మఱియొక వ్యక్తి ఇచ్చట ఓడ దిగెను. చెప్పులు కుట్టి జీవించి, స్వయంకృషితో బహుభాషలు నేర్చిన విలియం కేరీ ఆయన. 1800లో శ్రీరామపురమున స్థిరపడి, మత ప్రచారము, ముద్రణము, భాషాధ్యయనములతో పాటు తోటపనిని కూడ జీవితవ్రతముగా గైకొనెను. అచట ఐదెకరముల తోటను నెలకొల్పి, ఇంగ్లండులోని మిత్రులను విత్తనములు పంపుడని లేఖలలో వేడుచుండెను. ఒకమారు వచ్చిన విత్తనపు సంచిని దులుపగా, అడుగున అంటియున్న మట్టి నుండి ఇంగ్లండు పొలములలో పెరుగు చిన్న డైసీ మొక్క యొకటి మొలచుట చూచి ఆయన పసివానివలె ఆనందించెనని ప్రసిద్ధి.

తెలుగువారికి కేరీ మఱియొక విధమున కూడ ఆప్తుడు. ఆయన తెలుగు భాషకు ఆంగ్లమున ఒక వ్యాకరణము రచించెను. 1812 మార్చి 11వ తేదీన శ్రీరామపురపు ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనప్పుడు ఆ వ్యాకరణపు లిఖితప్రతియు దగ్ధమాయెను. ఆయన నిరాశ చెందక తిరిగి వ్రాసి 1814లో ప్రకటించెను. మద్రాసులో క్యాంబెల్ తెలుగు వ్యాకరణము వెలువడినది 1816లో. అనగా కలకత్తా చెంత, హుగ్లీ యొడ్డున అచ్చయిన తెలుగు వ్యాకరణము దానికంటె రెండేండ్లు ముందటిది. అదే 1814లో కేరీ, రాక్స్‌బరో సిద్ధపరచిన శిబపూరు తోట మొక్కల పట్టికను కూడ శ్రీరామపురమున అచ్చువేసెను. వారిద్దరి మైత్రికి గుర్తుగా రాక్స్‌బరో ఒక వృక్షప్రజాతికి కేరియా యని నామకరణము చేసెను. ఆ జాతి చెట్లు మన తూర్పుకనుమల అడవులలోను కలవు.

కేరీ దృష్టి అలంకారపు పూలపైన మాత్రమే నిలువలేదు. వంగదేశపు రైతు దారిద్ర్యమును, పాడువడిన భూములను, నాసిరకపు విత్తనములను చూచి ఆయన చింతించెను. 1820 ఏప్రిల్‌లో ఒక విజ్ఞప్తిని ప్రకటించి, ఆ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కలకత్తాలో వ్యవసాయోద్యాన సంఘమును స్థాపింపజేసెను. ఐరోపీయులతో పాటు దేశీయులకును ఆ సంఘమున సభ్యత్వ మొసగబడెను. రాధాకాంత దేవ్, రాంకమల్ సేన్ వంటి వంగీయ ప్రముఖులు అందు పాల్గొనిరి. సంఘము 1840ల దశకమున స్ట్రాండు రోడ్డునందలి మెట్కాఫ్ హాలు క్రింది అంతస్తులో కాపురముండగా, పై అంతస్తున కలకత్తా పబ్లిక్ లైబ్రరీ ఉండెడిది. ఆ గ్రంథాలయమే కాలక్రమమున జాతీయ గ్రంథాలయమై అలీపూరులోని బెల్వెడేర్ భవనము చేరినది. సంఘపు తోటయు అలీపూరునకే తరలినది. ఒకప్పుడు ఒకే కప్పు క్రింద నుండిన పుస్తకమును, విత్తనమును నేటికిని ఇరుగుపొరుగుననే ఉన్నవి.

ఓడలో విత్తనము పడిన పాట్లు

సంఘము ముందుంచుకొన్న కార్యములలో ముఖ్యమైనది మేలైన విత్తనములు తెప్పించి పంచుట. ఇది చెప్పినంత సులభము కాదు. 1869లో సూయజ్ కాలువ తెరువబడుటకు పూర్వము తెరచాప ఓడలు గుడ్‌హోప్ అగ్రమును చుట్టి రావలసి యుండెను. ప్రయాణమున ఐదారు మాసములు గడచును. భూమధ్యరేఖను రెండు మారులు దాటి వచ్చు ఓడ గర్భమున వేడిమియు, తేమయు విత్తనపు జీవశక్తిని హరించును. పొడి ప్రదేశమున నాలుగేండ్లు నిలువగల క్యాబేజీ విత్తనము కలకత్తా వానాకాలమొకటి మూతలేని పాత్రలో గడపినచో మొలచుట సందేహమే. ఉల్లి విత్తనము అంతకంటెను అల్పాయువు. కనుకనే విత్తనములను తగరపు డబ్బాలలో నుంచి మూతలు అతికి పంపు పద్ధతి వచ్చినది. పొగయోడలు, సూయజ్ మార్గము ఏర్పడిన పిదప కాలవ్యవధి తగ్గి, ఇంగ్లండు విత్తనవర్తకుల పట్టికలు కలకత్తా బంగళాలలో పంచాంగముల వలె ప్రవేశించినవి.

అంత శ్రమపడి వచ్చిన గుప్పెడు విత్తనము బంగారముతో సమానము. దానిని నేలమీద చల్లి వానపాలు చేయుటకు ఎవరికి మనసొప్పును? కనుకనే అది తోటమాలి చేతి గామ్లాను చేరినది.

గామ్లా పద్ధతి

గామ్లా యనగా వంగీయులు వాడు వెడల్పైన, లోతు తక్కువైన మట్టితొట్టి. దాని అడుగున రంధ్రములు చేసి, పెంకులు పరచి, నీరు నిలువకుండ ఏర్పాటు చేయుదురు. పైన ఒక పాలు తోటమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువుగాని ఆకుల ఎరువుగాని కలిపి, జల్లెడ పట్టి నింపుదురు. విత్తనములను పలుచగా చల్లి, పావు అంగుళము మందమున సన్నని మట్టి కప్పుదురు. పైనుండి నీరు పోసినచో గింజలు ఒకచోటికి కొట్టుకొని పోవును గాన, గామ్లాను నీటిపళ్లెరములో కొంతసేపు నిలిపి క్రిందినుండి తడి ఎక్కనిత్తురు. చీమలు గింజలను మోసికొని పోకుండ గామ్లాను నీటిగిన్నెల నడుమ పీటమీద పెట్టుదురు. మన ఇండ్లలో పాలగిన్నె క్రింద నీటిపళ్లెము పెట్టు ఉపాయమే ఇది.

మూడు మొదలు ఐదు దినములలో మొలక కనిపించును. అంతటితో కష్టము తీరదు, ఆరంభమగును. వరండాలో నీడనే ఉంచినచో మొలకలు వెలుతురు కొరకు సాగి, సన్నబడి, వాలిపోవును. బయట నుంచినచో ఒక్క జడివాన చాలును, సర్వనాశనము. గాలి ఆడక తడి నిలిచినచో కాడ మొదలు మెత్తబడి, ముందటి దినమున నవనవలాడిన నారు తెల్లవారునప్పటికి పడిపోవును. ఇది మట్టిలోని సూక్ష్మమైన శిలీంధ్రముల వలన వచ్చు నారుకుళ్లు తెగులని నేటి శాస్త్రము తెలుపుచున్నది. ఆ కారణము తెలియని కాలమునందును, పలుచగా విత్తుట, నీరు తక్కువగా వాడుట, బూడిద చల్లుట వంటి నివారణోపాయములను మాలీలు అనుభవము చేతనే నేర్చిరి.

కనుక మాలి దినచర్య యంతయు గామ్లాలను మోయుటయే. ప్రాతఃకాలపు లేతయెండలో బయట పెట్టును. ప్రొద్దెక్కగానే వెదురుబద్దలపై పరచిన హోగ్లా ఆకుల చాపనీడకు చేర్చును. మబ్బు పట్టగానే ఇంటిలోనికి తెచ్చును. సాయంకాలము మరల గాలికి పెట్టును. రెండాకులు వచ్చిన మొక్కలను సన్నని పుల్లతో పెకలించి, వేఱొక గామ్లాలో రెండంగుళముల ఎడముతో నాటును. ఇట్లు ఒకమారు స్థలము మారిన నారు వేళ్లు గుబురుగా పెంచుకొని బలపడును. నాలుగైదు వారములకు ఐదారాకులు తొడిగిన మొక్కలను, వాన తెఱపి చూచి, సాయంసమయమున ఎత్తైన కట్టలపై నాటి, అరటిపట్టల ముక్కలతో నాలుగు దినములు నీడ కల్పించును. తరువాత నానవేసిన ఆవచెక్క నీటిని ఎరువుగా పోయును.

తెలుగు కార్తెలలో చెప్పవలెనన్న, గోబిపువ్వు నారు మఖ, పుబ్బ కార్తెలలోను, క్యాబేజీ నారు ఉత్తర, హస్త కార్తెలలోను పోయుట కలకత్తా మర్యాద. చిత్త, స్వాతి కార్తెలు వచ్చునప్పటికి మొక్కలు మళ్లలో నిలువవలెను. 1860ల దశకమున ఫర్మింజర్ అను పాద్రి వంగదేశపు తోటపనిపై రచించిన గ్రంథము ఇట్టి కాలనిర్ణయములను మాసమాసమునకు వివరించి, పునర్ముద్రణములు పొంది, తరతరముల ఉద్యోగుల బంగళాలలో నిలిచినది. అయితే అందలి విద్యలో గొప్పభాగము మాలీల చేతులలోనిదే. సంఘమువారు కూడ ఈ సంగతి నెఱిగి, కూరగాయల ప్రదర్శనలు జరిపి, మేలైన కాపు తెచ్చిన మాలీలకు బహుమతు లొసగెడివారు.

విలాయతి పువ్వు స్వదేశి యగుట

గోబిపువ్వు 1822లో లండను చెంతనున్న క్యూ ఉద్యానము నుండి సహారన్‌పూరు తోటకు వచ్చెనని ఉద్యానగ్రంథములు చెప్పుచున్నవి. క్యాబేజీ అంతకుముందే పోర్చుగీసువారి వెంట ఈ దేశతీరములను తాకినది. వంగభాషలో గోబిపువ్వును ఫూల్‌కోపి, క్యాబేజీని బాంధాకోపి, నూల్‌కోలును ఓల్‌కోపి యందురు. ఈ కోపి శబ్దము క్యాబేజీకి పోర్చుగీసువారి మాటయైన కోవె నుండి వచ్చినదే.

క్యాబేజీకిని, గోబిపువ్వుకును ఇచ్చట భిన్నగతులు పట్టినవి. క్యాబేజీ రెండేండ్ల మొక్క. కొన్ని వారములు గట్టి చలి తగిలిన గాని పూవు పూయదు, గింజ కట్టదు. గంగామైదానమున అంత చలి లేదు. అందుచే ప్రతి సంవత్సరము విత్తనమునకై సముద్రములకు ఆవలనో, కొండలవైపో చూడవలసినదే. గోబిపువ్వు మొక్కలలో మాత్రము కొన్ని ఈ వేడిమికి తట్టుకొని, పువ్వు కట్టి, పిదప గింజయు పండించినవి. పాట్నా, హాజీపూరు ప్రాంతముల రైతులు అట్టి మొక్కలను ఏరి, గింజ తీసి, మరుసటి యేడు అదే గింజ విత్తి, మరల ఏరుచు వచ్చిరి. నూరేండ్లలో కొత్త జాతి ఏర్పడినది. ఐరోపా రకములకు 10 మొదలు 16 డిగ్రీల చల్లదనము కావలసియుండగా, ఈ దేశవాళీ తొలికారు రకములు 20 మొదలు 27 డిగ్రీల వేడిమిలోనే పువ్వు కట్టును. ఇవి ముఖ్యముగా ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ ప్రాంతపు రకముల నుండి పుట్టినవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

ఈ రకములకు రైతులు పెట్టిన పేర్లు గమనింపదగినవి. కార్తికమున వచ్చునది కత్కీ. ఆగ్రహాయణమున, అనగా మన మార్గశిరమున వచ్చునది అఘానీ. పుష్యమున వచ్చునది పూసీ. మాఘమున వచ్చునది మాఘీ. సీమ నుండి వచ్చిన పువ్వు మన చాంద్రమాన మాసముల పేర్లు దాల్చినది. పిమ్మట భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు ఈ రైతురకముల నుండియే పూసా కత్కీ, పూసా దీపాలి మున్నగు మేలురకములను రూపొందించిరి. అన్యోష్ణదేశములలో వేడిమికి ఓర్చు గోబిపువ్వును సృష్టించుటకును ఈ భారతీయ రకములు మూలధనముగా ఉపకరించినవి. ఇంతటి ఫలితమునకు కారకులైన పాట్నా రైతుల పేర్లు, సామర్లకోట చిత్రకారుల పేర్ల వలెనే, ఏ గ్రంథమునను లేవు.

వంటయింటి గడప దాటుట

మొక్క నేలకు అలవాటుపడుట యొక యెత్తు. మనుష్యుల నాలుకకు, ఆచారమునకు అలవాటుపడుట మఱియొక యెత్తు. వంగదేశమున టొమాటోను చిరకాలము విలాయతి బేగున్, అనగా సీమవంకాయ యని పిలిచిరి. గోదావరి జిల్లాలలో అది రామ్ములక్కాయ ఆయెను. క్యాబేజీ, గోబిపువ్వు, క్యారెట్టు, బీటురూటులను తెలుగువారు ‘ఇంగ్లీషు కూర’లని వేఱుచేసి, శ్రాద్ధాది కర్మలలో వాడరైరి. పూరీ జగన్నాథస్వామి వంటశాలలో నేటికిని క్యాబేజీ, గోబిపువ్వు, బంగాళాదుంప, టొమాటోలకు ప్రవేశము లేదు. దేవుని నివేదనలో చోటు దొరకని కూర మనిషి భోజనములో మాత్రము మెల్లమెల్లగా చోటు చేసికొన్నది. మాఘమాసపు సరస్వతీపూజనాడు వంగీయులు వండుకొను కిచిడీలో గోబిపువ్వు లేనిచో వెలితిగా నుండును. చలికాలపు సాయంకాలములందు గోబిపువ్వు సింగాడాలకై మిఠాయి దుకాణముల యెదుట జనము మూగును.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడిన పిదప, దాని కొలువులలో చేరి ఖరగ్‌పూరులోను, గార్డెన్‌రీచ్ ప్రాంతమునను స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ కూరలను వంగీయుల పొరుగున నేర్చినవి. కొబ్బరికోరు, ఆవపెట్టు, పెసరపప్పు వంటి మన పాకములు ఈ పరదేశపు కూరలకు ఒప్పినవి. సెలవులకు ఊరికి పోవు ఉద్యోగి బుట్టలో కలకత్తా గోబిపువ్వు తీసికొని పోవుట ఒకప్పుడు ఘనతగా నుండెడిది.

నగరపు చెత్త, నగరపు కూర

కూరతోటల చరిత్రలో ధాపా ప్రస్తావన తప్పదు. 19వ శతాబ్ది చివరిపాదము నుండి కలకత్తా తూర్పున ధాపా యను పల్లపు నేలలో నగరపు చెత్తను పోయుచు, అది మాగి సారవంతమైన చోట్ల కూరలు పండించుట ఆరంభమైనది. చెత్తను ఎరువుగాను, మురుగును చేపలచెరువులకు ఆహారముగాను, చెరువునీటిని పంటలకు తడిగాను మార్చు ఈ ఏర్పాటు లోకమున అరుదైనది. తూర్పు కలకత్తా జలభూములు 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గలవిగా గుర్తింపు పొందినవి. వాని విస్తీర్ణము 12,500 హెక్టారులు. ధాపా గోబిపువ్వు తెల్లవారుజామున కోయబడి, ప్రొద్దెక్కకముందే నగరపు అంగళ్లకు చేరును. అయితే నగరము తూర్పునకు పెరుగుచున్న కొలదియు ఆ నేలపై ఒత్తిడి అధికమగుచున్నది. చెత్తలో ప్లాస్టిక్కు, లోహపు మలినములు చేరుటయు చింతింపదగినదే.

విత్తనమునకై పరులపై ఆధారపడుట ఎంత ప్రమాదమో రెండవ ప్రపంచ యుద్ధము నేర్పినది. నౌకామార్గములు అరికట్టబడగా ఐరోపా విత్తనము రాక ఆగెను. అదే కాలమున, 1943లో, వంగదేశమున లక్షలాది ప్రజలు క్షామమువలన మరణించిరి. ఆకలి తీర్చునది ధాన్యమే గాని కోసుకూర కాదు. అయినను ప్రతి ఖాళీ నేలలోను తినదగినదేదో పండింపవలెనన్న స్పృహ ఆనాడు దేశమంతట కలిగెను. చలిదేశపు కూరల విత్తనమును స్వదేశమున పండించు యత్నము క్వెట్టాలో ప్రారంభమైనది. 1947 విభజనతో క్వెట్టా పాకిస్తానునకు పోయెను. పిదప హిమాలయపు కులూ లోయలోని కట్రాయిన్ కేంద్రము ఆ భారము వహించినది. కిడ్ 1786లో కోరినదియు, కేరీ 1820లో కోరినదియు, ఈ కేంద్రము సాధింపబూనినదియు ఒక్కటే: ఆకలి వచ్చునాటికి విత్తనము చేతిలో నుండవలెను.

నేటి గామ్లా

కాలము మారినది. మట్టి గామ్లా స్థానమున గళ్లు గళ్ల ప్లాస్టిక్కు పళ్లెములును, తోటమన్ను స్థానమున కొబ్బరిపీచు పొడియు, హోగ్లా చాపకు బదులు నీడవలయు, వానకు అడ్డముగా పారదర్శకపు ప్లాస్టిక్కు పందిరియు వచ్చినవి. నారు పెంచి అమ్ముట ప్రత్యేకవృత్తి యైనది. సంకరజాతి విత్తనముల మూలమున గోబిపువ్వు ఇంచుమించు సంవత్సరము పొడవునను దొరకుచున్నది. అయినను మాలి నాడు చేసినదే నేటి యంత్రపరికరములును చేయుచున్నవి: వేళ్లకు గాలి, మొలకకు వెలుతురు, కాడకు పొడిదనము, వానకు అడ్డు.

తోటకు నేల లేని నగరవాసికి ఈ విద్య నేటికిని అందుబాటులోనే కలదు. కలకత్తా డాబాలపైనను, ఉద్యోగుల వసతిగృహముల వరండాలలోను రెండు మట్టితొట్టెలకు చోటు దొరకకపోదు. భాద్రపదమున చిటికెడు విత్తనము చల్లి, ఉదయము ఎండకు, మధ్యాహ్నము నీడకు త్రిప్పుచు, మబ్బు పట్టినప్పుడు లోనికి తెచ్చుకొనగలిగిన గృహిణికి, ఆమె పిల్లలకు, పుష్యమాసమునకు నాలుగు పువ్వులైనను చేతికి వచ్చును. బజారులో వాని వెల స్వల్పమే కావచ్చును. కాని వాని వెనుక సామర్లకోటలో నేర్చిన విద్య యున్నది, శ్రీరామపురపు తోట యున్నది, పాట్నా రైతుల ఏరివేత యున్నది, పేరు తెలియని మాలీలు ఇన్నూరేండ్లు గామ్లాలను లోనికి, బయటకు మోసిన శ్రమ యున్నది.

అలీపూరు సంఘము 2020తో ఇన్నూరేండ్లు నిండించుకొన్నది. శిబపూరు తోట అంతకంటె పెద్దది. రెండును ఒక్క పూట ప్రయాణపు దూరమున ఉన్నవి. సెలవుదినమున అచటికి పోవు తెలుగు పిల్లలు మహావటవృక్షము నీడలో ఆడుకొనుటతో పాటు, ఈ తోటను ఇరువది యేండ్లు నడిపిన పెద్దమనిషి మన గోదావరి మండలమున మొక్కల తెలుగుపేర్లు అడిగి వ్రాసికొన్నవాడనియు, ఆ పేర్లు చెప్పినవారు మన ఊళ్ల రైతులే యనియు తెలిసికొనుట మంచిది.